కోడి రామమూర్తి నాయుడు: దేహబలము, మర్దన

మన ఉత్తరాంధ్రలో బలశాలి అనగానే స్ఫురించే నామధేయం కోడి రామమూర్తి నాయుడు గారిది. 1880 దశకపు తొలి సంవత్సరాలలో ఆయన వీరఘట్టంలో జన్మించారు. చిరకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. బాల్యంలోనే ఆయన విజయనగరంలోని పినతండ్రి గారింటికి చేరి, అక్కడ కుస్తీ అభ్యసించారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాము చదివిన విజయనగరం ఉన్నత పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు.

తదుపరి సర్కసు కంపెనీ స్థాపించి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. దేహానికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచేవారు. ఛాతీపై ఏనుగును నిలుపుకొనేవారు. ప్రజలాయనను కలియుగ భీముడని కొనియాడారు.

కుస్తీ గోదాలలో దండీలు, బస్కీలు ఎంత ముఖ్యమో, ఒళ్లు పట్టించుకొనడమూ అంత ముఖ్యంగా భావిస్తారు. తెలుగులో మర్దన అన్నా, ఉర్దూలో మాలిష్ అన్నా విద్య ఒక్కటే. గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దిస్తే కండరాల బిగువు సడలుతుంది, సాధన మరునాటి నొప్పి కొంత తగ్గుతుంది, మనస్సు కుదుటపడుతుంది. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మొహమ్మద్ ఈ విద్యతోనే ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో రాజాదరణ పొందారు. ఇంగ్లీషువారి షాంపూ అనే మాటకు మూలం మన చంపీయే.

అయితే మర్దన బలాన్ని పుట్టించదు, సర్వరోగాలనూ మాన్పదు. ఈ సంగతి తలచినప్పుడు రామమూర్తి గారి చివరి దినాలు మనకు జ్ఞప్తికి రాకమానవు. కాలికి పుట్టిన వ్రణం ముదిరి, ఆ కాలు తీసివేయవలసివచ్చింది. పెన్సిలిన్ ఇంకా సామాన్యులకు అందని కాలమది. 1942 జనవరిలో ఆయన ఒడిశాలోని బలంగీరులో కన్నుమూశారు.

నేడు మందులున్నవి, ఆలస్యమే మన శత్రువు. కాలు వాచగానే వైద్యుని కంటె ముందు నూనెగిన్నె వెదికే అలవాటు మన యిండ్లలో ఇంకా ఉన్నది. పుండు, చీము, ఎర్రని వాపు ఉన్నచోట మర్దన తగదు. ఒక పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే లోపల నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చు. దానిని పిసికితే ఆ గడ్డ కదలి ప్రాణాపాయం కలుగవచ్చు. మధుమేహులు పాదంపై చిన్న పుండునైనా వెంటనే వైద్యునికి చూపాలి.

శ్రీకాకుళంలో క్రీడాప్రాంగణం రామమూర్తి గారి పేరనే ఉన్నది. అక్కడ పరుగెత్తే మన విద్యార్థులు ఆయన సాధనను ఆదర్శంగా గ్రహింతురు గాక. దేహం చెప్పే బాధను ఆలకించడం కూడ ఆ సాధనలో భాగమేనని గుర్తింతురు గాక.