ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్

ఈసారి గోడ పత్రికకు నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం రాస్తున్నాను. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెప్తాను.

రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టినారు. మొదట బడిలో పంతులుగా పనిచేసినారు. 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో భారత జట్టును కూడా ఆయన చేతిలోనే పెట్టినారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తో చిత్తుగా ఓడినాము. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడినారు. అదే దేశం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో వచ్చింది. ఇండోనేషియా వాళ్ళు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానీయలేదు. అట్లయితే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశపు క్రీడా పెద్ద జి.డి. సోంధీ గారు గట్టిగా అన్నారు. ఆయన మాట న్యాయమే. కానీ అక్కడి జనం కోపం ఏమీ అనని మన ఆటగాళ్ళ మీద పడింది. భారత రాయబార కార్యాలయం మీద కూడా గుంపు దాడి చేసింది. సెప్టెంబరు 4న ఫైనల్లో దాదాపు లక్ష మంది మనవాళ్ళను గేలి చేసినారు. రహీం గారికి అప్పటికే క్యాన్సర్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో ఆడించినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టినారు. మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా మీదే 2-1 తో గెలిచి బంగారు పతకం తెచ్చినారు. 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూసినారు.

ఇప్పుడు పెద్ద పోటీల్లో ఓడినా గెలిచినా కోచ్ విలేకరుల ముందు కూచోవాలి. రాకపోతే జరిమానా. అది శిక్ష అనుకునేవాణ్ణి. కాదు, జట్టు మీద పడే మాటలు పెద్దవాడు ముందు తన మీద వేసుకునే అవకాశం అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

పోయిన నెల గిద్దలూరులో మనం 3-0 తో ఓడినాము కదా. విలేకరి వచ్చి అడిగితే, కెప్టెన్ని అయిన నేను తప్పంతా గోల్‌కీపర్‌దే అని చెప్పినాను. మరునాడు పేపర్లో పడింది. ఆ తమ్ముడు రెండు పూటలు అన్నం తినలేదు. తర్వాత గూడేనికి వెళ్ళిపోయినాడు. నిజానికి నేనే గోలు కొట్టాలనే ఆశతో ముందుకు పోయి, వెనక్కి రాలేదు.

ఆ మాట పేపర్లో వేయించలేను, అందుకే ఈ గోడ మీద రాస్తున్నాను. ఆదివారం వార్డెన్ సారు వాళ్ళ గూడేనికి పోతున్నారు. నేను కూడా వస్తానని అడిగినాను.