సర్ ఆర్థర్ కాటన్

మండపేట చేలకు పారు కాలువనీటికి మూలపురుషుడు సర్ ఆర్థర్ కాటన్. 1803లో ఇంగ్లండున జన్మించి, 1821లో ఈ దేశమునకు వచ్చిన ఈ ఇంజనీరు, ఇసుకనేలపై ఆనకట్ట నిలుపు విద్యను కావేరిమీద మన పూర్వులు కట్టిన కల్లణను చూచి గ్రహించెను.

1833 నాటి నందన కరవున రాజమహేంద్రవర మండలము శ్మశానమయ్యెను. గోదావరి నీరు సముద్రము పాలగుచుండ, దాని యొడ్డుననే ప్రజలు ఆకలికి మడిసిరి. 1844లో కాటన్ నివేదిక పంపెను. 1846లో అనుమతి లభించెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల వద్ద నాలుగు ఖండములుగా ఆనకట్ట లేచెను. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను. కంపెనీవారు చూచినది శిస్తు. చెమటోడ్చినది మన కూలిజనము.

రైళ్లకంటె కాలువలకే ధనము వెచ్చింపవలెనని 1878లో పార్లమెంటు సంఘము నెదుట కాటన్ వాదించెను. ఆ వాదము చెల్లలేదు. 1899లో ఆయన కన్నుమూసెను.

పాత ఆనకట్టకు మారుగా నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తియై ఆయన పేరనే వెలసినది. అయినను కట్ట యెంత క్రొత్తదైనను, కాలువలు పూడినచో శివారు భూములకు నీరందదు. విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. బోదెలో పూడిక తీయుట కష్టము. కాటన్ ఋణము తీరునది ఆ కష్టముతోనే.