మందూ, విరుగుడూ: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన ప్రవాసాంధ్రుల సభల్లో వినబడితే, సాధారణంగా రెండు మాటలతో సరిపెట్టేస్తాం. ఆరియోమైసిన్ వెనక ఉన్నది ఆయనే, నోబెల్ రాకపోవడం అన్యాయం. రెండు మాటలకీ చప్పట్లు పడతాయి. కానీ ఇంట్లో ఎవరికైనా కీమోథెరపీ మొదలైతే, ఆయన జీవితాన్ని వేరే చోటు నుంచి చదువుకోవాలనిపిస్తుంది. ఈనాటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో తప్పనిసరిగా వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన లాబరేటరీలో తయారైంది. ఆ మందు వల్ల కలిగే బాధలు, ఆ బాధలకి విరుగుడు, ఆ రెండూ అవసరానికి దొరకని రోజులు, అన్నీ ఆయన కథలో భాగమే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి జగన్నాథం గారు. ఇంట్లో డబ్బుకి కటకట. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు గడిస్తానని ఇల్లు వదిలి బయల్దేరితే తల్లి వెనక్కి తెచ్చి మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్ మాత్రం మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. (మన పిల్లల శాట్ స్కోర్లు చూసి కంగారుపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.) తర్వాత సన్యాసం వైపు మనసు మళ్లితే అమ్మ ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకి స్నేహితులూ, తరవాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఆసరా ఇచ్చారు.

గాంధీగారి పిలుపు విని కాలేజీలో ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ రాక, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు. ఈ మధ్యలోనే అన్నగారు పురుషోత్తం స్ప్రూ జబ్బుతో పోయారు. మన వాళ్లు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటపట్టదు, నాలుక పుండవుతుంది, రక్తం క్షీణిస్తుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. తమ్ముడు అది మర్చిపోలేదు.

1920ల మొదట్లో అమెరికా వచ్చారు. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, అంతే ఆధారం. భార్య శేషగిరి గారిని ఇంటిదగ్గరే వదిలి వచ్చారు. వచ్చాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. తర్వాత ఇరవై అయిదేళ్లూ ఆయన మళ్లీ ఇండియా వెళ్లలేదు. ఈ విషయంలో ఆయన్ని తప్పుపట్టేవాళ్లున్నారు, సమర్థించేవాళ్లూ ఉన్నారు. శేషగిరి గారి వైపు నుంచి ఎవరైనా ఈ కథ పూర్తిగా రాస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

బోస్టన్‌లో ఉష్ణదేశాల వ్యాధుల డిప్లొమా చదువుతూ, ఖర్చుల కోసం పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. డాక్టరు పట్టా ఉన్న మనిషి! తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్కె దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఆ పేరు ఇప్పటికీ చదువుతారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. (అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు.) 1930లో పీహెచ్‌డీ వచ్చింది గానీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. అదే లాబులో పనిచేసి తర్వాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు విడదీసిన కొన్ని పదార్థాలు ఫిస్కె అసూయ వల్ల వెలుగు చూడలేదని, తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని చెప్పారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లాబరేటరీస్‌లో చేరారు. కొద్దికాలానికే రీసెర్చ్ డైరెక్టరయ్యారు. అక్కడ ఆయన చేసిన ముఖ్యమైన పని మనుషుల్ని కూడగట్టడం. కెమిస్టులూ, మైక్రోబయాలజిస్టులూ, డాక్టర్లూ ఒకే సమస్య మీద కూర్చునేలా చేశారు. ఆ ఎనిమిదేళ్లలో వచ్చినవి చూడండి: ఫోలిక్ యాసిడ్, బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీన్, బెంజమిన్ డగ్గర్ పేరుతో వచ్చిన ఆరియోమైసిన్, క్యాన్సర్‌కి యాంటీఫోలేట్లు. చాలా పేపర్ల మీద తన పేరు వేసుకోలేదు. జనం ఆయన్ని మర్చిపోవడానికి అదొక కారణం.

ఇక అసలు విషయం. గర్భిణీలకి వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ నుంచి చేసిన మార్మైట్‌తో తగ్గుతుందని లూసీ విల్స్ బొంబాయిలో చేసిన పరిశోధన వల్ల 1931లో తెలిసింది. అందులో పనిచేసే పదార్థమేమిటో ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్‌లో టన్నులకొద్దీ పాలకూర నుంచి అలాంటి పదార్థాన్ని కొద్దిగా తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కొద్దిగా అంటే రోగులకి ఇవ్వడానికి చాలనంత. కాలేయం నుంచి దాన్ని విడదీసి, 1945కల్లా ఫ్యాక్టరీలో చేయగలిగిన పద్ధతి కనిపెట్టింది లెడర్లీ బృందం. అన్నగారిని తీసుకుపోయిన స్ప్రూకి అప్పుడు మందు దొరికింది. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది.

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పెథాలజిస్టు సిడ్నీ ఫార్బర్‌కి సుబ్బారావు గారితో పరిచయం ఉంది. ఫోలిక్ యాసిడ్ సంబంధమైన పదార్థాలు క్యాన్సర్‌ని తగ్గిస్తాయేమోనని అప్పట్లో ఆశ ఉండేది. లెడర్లీ వారి టెరోప్టెరిన్‌ని 1947లో బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్‌కి కూడా ఇచ్చారు. ఫార్బర్ ఇటువంటివి ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా జోరు హెచ్చినట్టు కనబడింది. ఆ విటమిన్ క్యాన్సర్ కణాలకి మేత అవుతోందన్నమాట. అయితే ఆ మేతని అడ్డుకుంటే? పెర్ల్ రివర్‌లో డోరిస్ సీగర్ తదితర కెమిస్టులు ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ దాని పని చెడగొట్టే నకిలీలు చేశారు. అందులో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలివి: పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కొంతకాలమే. అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు.

దానితోపాటే కీమో బాధలూ మొదలయ్యాయి. నకిలీ ఫోలిక్ యాసిడ్‌కి క్యాన్సర్ కణమేదో, మామూలు కణమేదో తెలియదు. వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ ఆపుతుంది. నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల మజ్జ అలాంటివే. అందుకే నోటి పుండ్లు, విరేచనాలు, రక్తకణాలు పడిపోవడం. ఒక్కసారి ఆలోచించండి: నోటి పుండ్లు, ఒంటపట్టని తిండి, క్షీణించే రక్తం. ఇవి స్ప్రూ లక్షణాలే. అన్నగారి జబ్బులో ఈ లక్షణాలకి ఫోలిక్ యాసిడ్ లోటు ఒక ముఖ్య కారణం. ఇక్కడ అదే లోటుని మందుతో తెప్పిస్తున్నారు. పురుషోత్తం గారి బాధ చూసిన మనిషికి ఈ పోలిక తట్టకుండా ఉండదని నా ఊహ.

అమినోప్టెరిన్ కంటే కాస్త నెమ్మదస్తురాలు దాని చెల్లెలు అమెథోప్టెరిన్. దాన్నే మెథోట్రెక్సేట్ అంటాం. దాని విజయాలు చూడడానికి సుబ్బారావు గారు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండెపోటుతో పోయారు. సుమారు వారం రోజులకి బేబ్ రూత్ కూడా పోయాడు. ఒకరి చావు దేశమంతా పతాక శీర్షిక అయింది. రెండోది తెలిసినవాళ్లు తక్కువ. 1956లో కోరియోకార్సినోమా అనే గట్టి క్యాన్సర్ ఒక్క మెథోట్రెక్సేట్‌తోనే నయం కావడం మొదలైంది.

విరుగుడు కూడా ఆ ఇంటిదే. 1950లో లెడర్లీ కెమిస్టులే ల్యూకోవోరిన్ తయారుచేశారు. మెథోట్రెక్సేట్ ఒక ఎంజైమ్ తలుపు మూసేస్తుంది. ల్యూకోవోరిన్ ఆ తలుపుతో పనిలేకుండా లోపలికి చేరే ఫోలేట్. 1970లలో డాక్టర్లు దీన్ని ఆసరాగా చేసుకుని, మామూలుగా ప్రాణం తీసేంత మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చి, ఒక రోజు తర్వాత ల్యూకోవోరిన్‌తో మామూలు కణాల్ని కాపాడే పద్ధతి స్థిరపరిచారు. ఎముకల క్యాన్సర్‌కీ, ల్యుకేమియాకీ ఈ పద్ధతి నేటికీ ఉంది.

ఇటువంటి చికిత్స జరిగే ఇంట్లో వాళ్లకి కొన్ని మాటలు. హై డోస్ మెథోట్రెక్సేట్‌కి ముందూ తర్వాతా సెలైన్ ఎక్కించి, మూత్రం క్షారంగా ఉండేలా బైకార్బొనేట్ ఇచ్చి, రక్తంలో మందు స్థాయి దిగేదాకా చూస్తారు. మూత్రపిండాల మీద భారం పెంచే మందులు ఈ సమయంలో ప్రమాదం. ఇండియా నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, కడుపుమంట మాత్రలు కూడా డాక్టరుకి చెప్పకుండా వేసుకోకూడదు. బలానికని ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్లూ అంతే. ల్యూకోవోరిన్ మాత్రలు ఇంటికి ఇస్తే టైము తప్పకూడదు. నోటి పుండ్లకి మెత్తటి బ్రష్, ఉప్పూ సోడా కలిపిన నీళ్లతో పుక్కిలింత. ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టి, మెత్తగా కలిపిన పప్పన్నం. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినొచ్చో లేదో రక్తకణాల లెక్కని బట్టి నర్సుని అడగాలి, వాళ్లకి మన పెరుగు సంగతి తెలియదని మొహమాటపడకుండా. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయాలి.

ఇన్ని జాగ్రత్తలూ మందు దొరికితేనే. సుబ్బారావు గారి కాలంలో మందు గ్రాముల్లోనే ఉండేది, ఎందుకంటే అప్పుడే కనిపెట్టారు. మన కాలంలో దొరక్కపోవడానికి కారణం అది బాగా చవకైపోవడం. పేటెంటు ఎప్పుడో తీరిన ఇంజెక్షన్‌లో లాభం తక్కువ. శుభ్రత ప్రమాణాలతో నడిచే ప్లాంటుకి ఖర్చు ఎక్కువ. చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. 2011 నవంబరులో ఒహాయోలో ఒక ప్లాంటు ఆగిపోయేసరికి, పిల్లల వెన్నులోకి ఎక్కించే ప్రిజర్వేటివ్ లేని మెథోట్రెక్సేట్ అమెరికాలో నిండుకునే స్థితి వచ్చింది. 2012 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ మరో కంపెనీ తయారుచేసిన మందుకి అనుమతి ఇచ్చింది. ఆ సంవత్సరాల్లోనే ల్యూకోవోరిన్‌కీ కొరత, దాని బదులు ఖరీదైన లీవోల్యూకోవోరిన్. 2011 ఒక్క ఏడాదే అమెరికాలో కొత్తగా 251 మందులకి కొరత నమోదైంది. సరఫరా ఆగేలా ఉంటే కంపెనీలు ముందే చెప్పాలని 2012 జులైలో చట్టం చేశారు.

చట్టం ఉన్నా 2023లో మళ్లీ అదే. ఈసారి తీగ లాగితే డొంక గుజరాత్‌లో కదిలింది. ఎఫ్‌డీఏ తనిఖీ తర్వాత అక్కడి ప్లాంటు ఉత్పత్తి ఆపడంతో సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ కరువయ్యాయి. ఆ ఏడాది మే నెలలో సర్వే చేసిన పెద్ద క్యాన్సర్ సెంటర్లలో 93 శాతం కార్బోప్లాటిన్ చాలడం లేదన్నాయి. మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ కూడా ఆ ఏడాది కొరత జాబితాలోకెక్కింది. సిస్‌ప్లాటిన్ కొరత 2024 జూన్‌లో గానీ తీరలేదు. ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ, సప్లై చెయిన్ విభాగాల్లో పనిచేసే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొత్త మందు కనిపెట్టినవాళ్లకి సన్మానాలు చేస్తాం, పాత మందు బ్యాచ్ చెడకుండా చూసేవాళ్ల పేరైనా అడగం. రెండో పని చిన్నదని నేననుకోను.

సుబ్బారావు గారి జ్ఞాపకంగా ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరుపెట్టారు. శతజయంతికి 1995లో భారత ప్రభుత్వం స్టాంపు వేసింది. 1998 నుంచి అమెరికాలో ఎన్‌రిచ్డ్ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. పొద్దున టోస్టు తిన్నవాళ్లందరూ ఆ విటమిన్ తింటున్నట్టే.

ఇండియాలో కీళ్లవాతంతో బాధపడే అమ్మానాన్నలున్నవారు ఇంకొకటి గమనించాలి. మెథోట్రెక్సేట్ చిన్న మోతాదులో కీళ్లవాతానికీ ఇస్తారు. అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నోటి పుండ్లు రాకుండా దానితోపాటు రాసేది ఫోలిక్ యాసిడ్. చీటీ మీద ఆ రెండు పేర్లూ ఉంటే, ఏ మాత్ర ఏ వారం నాడో పెద్దక్షరాలతో తెలుగులో రాయించి మందుల డబ్బాకి అంటించమనండి.