సత్యభామ పాట రాసిన బాపట్ల నటుడు

మీరజాలగలడా పాట అనగానే మన కళ్ల ముందు జమున మెదులుతుంది, చెవుల్లో సుశీల గొంతు మోగుతుంది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాతో ఆ పాట ఇంటింటికీ చేరింది. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే అది నాటకాల్లో మార్మోగింది. రాసిందీ, సత్యభామ వేషం కట్టి పాడిందీ ఒక మగాయన! ఆయనే స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టారు. పిట్టలవానిపాలెం వాళ్లకి పక్క ఊరి మనిషే.

ఆడవేషం ఆయనకి అనుకోకుండా దొరికింది. 1920లో ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే చంద్రమతి వేసే మనిషి రాలేదు. ఆ పూటకి ఈయన చీర కట్టారు. తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి... ఎన్ని వేషాలో! ఆయన చీరకట్టు చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్లు నాటకానికి వెళ్లేవారని చెప్పుకుంటారు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే తప్పుపట్టే రోజుల్లో ఆడదాని నడక మగవాణ్ణి చూసి నేర్చుకోవడం, వింతే కదూ!

ఇక పాట సంగతి. నారదుడి మాట నమ్మి సత్య వ్రతం పట్టింది. ఆ వ్రత మహిమతో భర్త తన మాట దాటలేడని ధీమా. పల్లవిలో కృష్ణుణ్ణి తన పేరుతోనే, సత్య మొగుడిగా చెప్పుకుంటుంది. చరణంలోకొచ్చేసరికి ఆ అధికారం కాస్తా మురళీగానం తలపుల్లో కరిగిపోతుంది. తర్వాత ఏమవుతుందో మనకి తెలుసు. ఆ వ్రతంలోనే భర్తని దానమిచ్చేస్తుంది, ఉన్న బంగారమంతా పోసినా తక్కెడ లేవదు, చివరికి రుక్మిణి వేసిన తులసిదళమే దిక్కవుతుంది. ఓడబోయే మనిషి గెలిచాననుకుని పాడే పాట అది. అందుకే అంత తీపి.

రాగాలు తీసి పద్యం ఎంతసేపు పాడితే అన్ని వన్స్‌మోర్‌లు పడే కాలం అది. స్థానం మాత్రం గొంతు బలాన్ని కాక భావాన్నే నమ్ముకున్నారు. అదే పల్లవిని తిప్పి తిప్పి పాడుతూ ఒకసారి దర్పం, ఒకసారి గోము, ఇంకోసారి చిలిపితనం చూపేవారట.

1956లో పద్మశ్రీ వచ్చింది. తన నటజీవితాన్ని నటస్థానం పేరుతో పుస్తకంగా రాసుకున్నారు. జమున సత్యభామగా తెరకెక్కిన అయిదేళ్లకి, 1971 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.