పదిమందికి చూపిన శాస్త్రము: సర్ సి. వి. రామన్

1928వ సంవత్సరము మార్చి 16వ తేదీన బెంగుళూరు నగరమందు దక్షిణభారత విజ్ఞానసంఘమువారి సభ జరిగెను. కలకత్తానుండి వచ్చిన ఒక ఆచార్యుడు పదునేడు దినములకు ముందు తాను కనుగొనిన క్రొత్త వెలుగును గూర్చి ఆ సభలో ప్రసంగించెను. రెండేండ్ల పిమ్మట ఆ విషయమునకే ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మన నాగరగెరెకు దక్షిణముగా, కొన్ని గంటల ప్రయాణములో నున్న నగరమున ఇట్టి ప్రసంగము జరిగినదని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు? ఆ ఆచార్యుడే చంద్రశేఖర వేంకట రామన్.

ఆయన 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైకావలులో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారికి విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలలో ఉపన్యాసక పదవి లభించుటచే 1892లో ఆ కుటుంబము తెలుగుదేశమునకు తరలివచ్చెను. ఇంట తమిళము, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇంట తెలుగును కచేరీలో కన్నడమును వినుచు పెరుగు మన పిల్లల స్థితియు ఇంచుమించు ఇట్టిదే కదా! ఆ బాలుడు పదునొకండవయేటనే మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఇంటిభాష యొకటి, నాటిభాష యొకటి యగుట బిడ్డ చదువునకు చేటని వగచు తల్లిదండ్రులు మన ప్రాంతమున లేకపోలేదు. వారీ సంగతి గమనింపవలెను.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం. ఏ. ముగించి, ప్రభుత్వ ఆర్థికశాఖవారి పరీక్షలో ప్రథముడై, 1907లో రామన్ కలకత్తాలో లెక్కల ఉద్యోగమున ప్రవేశించెను. ఒకనాడు బౌబజారు వీధిని పోవుచుండగా ఒక భవనముపై విజ్ఞానసంఘమను ఫలకము ఆయన కంటబడెను. మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు 1876లో ఆ సంఘమును స్థాపించెను. స్వదేశీయులకు శాస్త్రవిషయములను ఉపన్యాసములతోను ప్రయోగములతోను తెలుపవలెననియు, పరిశోధనకు తావు కల్పింపవలెననియు ఆయన కోరిక. చందాలు ప్రోగుచేసి, సభామందిరము కట్టించి, ఎన్నియో ప్రసంగములు చేయించినను పరిశోధకులు మాత్రము దొరకలేదు. రామన్ ప్రవేశించిన పిదప ఆ కొరత తీరెను. ఉదయము సంఘమున ప్రయోగములు, పగలు కచేరీలో లెక్కలు, సాయంకాలము మరల ప్రయోగములు. పలుయేండ్లు ఈ విధముగా జరిగినవి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రశాఖలో ఆచార్యపదవి రాగా, జీతము తగ్గుననియైనను ఎంచక ప్రభుత్వోద్యోగమును వదలెను. 1919లో సంఘమునకును కార్యదర్శి యయ్యెను.

ఆయన పరిశోధనలలో మనవారికి మిక్కిలి రుచించునది మృదంగమును గూర్చినది. తప్పెటను కొట్టినప్పుడు పుట్టు నాదములు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగమునకు చర్మము నడుమ నల్లని పూత యుండును. ఆ పూత బరువువలన నాదములు ఒక వరుసకు వచ్చి శ్రుతిలో కలియునని రామన్ నిరూపించెను. చర్మముపై సన్నని ఇసుక చల్లి వాయించినచో కదలని తావులందు ఇసుక గీతలుగా చేరును. చెవికి మాత్రమే తెలియు నాదము ఇట్లు కంటికి కూడ కనబడును. దీనికి మృదంగమును చిటికెడు ఇసుకయు చాలును గనుక మన పాఠశాలలోను చేసి చూడవచ్చును.

1921లో ఓడప్రయాణమున మధ్యధరాసముద్రపు నీలిమ ఆయనను ఆకర్షించెను. ఆకాశపు రంగే నీటియందు ప్రతిఫలించుచున్నదని అప్పటి పెద్దల మతము. రామన్ తన జేబులోని పట్టకముతో ప్రతిఫలించు కాంతిని తొలగించి చూడగా నీలిమ మరింత స్ఫుటమయ్యెను. నీటి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని గ్రహించి, ఏడేండ్లు శిష్యులతో ద్రవములను పరీక్షించెను. ఒకే రంగు కాంతిని ద్రవముగుండ పంపినచో చెదరిన కాంతిలో అత్యధికభాగము అదే రంగుతో నుండును. సుమారు కోటిలో ఒక పాలు మాత్రము రంగు మారి వచ్చును. అణువుల కంపనములు కాంతినుండి కొంత శక్తిని గ్రహించుటయో, దానికి కొంత యిచ్చుటయో దీనికి కారణము. ఏ అణువునకు ఆ మార్పు వేరు గనుక పదార్థములను గుర్తించుటకు నేటికిని ఈ పద్ధతి వాడుకలో నున్నది. 1928 ఫిబ్రవరి 28వ తేదీన ఇది నిశ్చయమయ్యెను. మొదట వాడినవి సూర్యకాంతి, దూరదర్శిని కటకము, రంగుటద్దములు మాత్రమే. ఆ ప్రయోగములందు కె. ఎస్. కృష్ణన్ చేసిన కృషి చాల గొప్పది. రామన్‌ను పొగడుచు కృష్ణన్‌ను మరచుట న్యాయము కాదు.

1933లో రామన్ బెంగుళూరులోని టాటా ఇన్‌స్టిట్యూటునకు అధిపతిగా వచ్చెను. పాలనలో కలహములు రేగి 1937లో ఆ పదవిని వదలి, 1948 వరకు ఆచార్యుడుగా నుండెను. ఆయనలో లోపములు లేవనరాదు. స్త్రీ యను కారణమున కమలా భాగవత్ అను విద్యార్థినిని మొదట చేర్చుకొనలేదు. ఆమె పట్టు విడువకపోగా ఒక యేడు పరీక్షార్థముగా చేర్చుకొని, ఆమె పని చూచిన పిదప మరికొందరు స్త్రీలకును ద్వారము తెరచెను. కృష్ణాజిల్లా అగిరిపల్లెలో పుట్టిన సూరి భగవంతము కలకత్తాలో ఆయన శిష్యుడు. గురువు బాల్యము గడపిన విశాఖపట్టణమునందే, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరి భౌతికశాస్త్రశాఖకు వన్నె తెచ్చెను. 1957లో అదే టాటా ఇన్‌స్టిట్యూటునకు ఆయనయు అధిపతి యయ్యెను.

1948లో రామన్ బెంగుళూరులో స్వంతముగా ఒక పరిశోధనాలయమును నెలకొల్పెను. అందు రత్నములు, శిలలు, శంఖములు, సీతాకోకచిలుకలు గల ప్రదర్శనశాల యుండెను. ఒక చీకటిగదిలో అతినీలలోహిత కిరణములు సోకినంతనే నల్లరాళ్లవలె నుండినవి ఎఱ్ఱగా, పచ్చగా వెలుగుచుండెడివి. బడిపిల్లలు వచ్చినచో ఆయనయే వెంటనుండి చూపుట కలదు. ఇది వినోదము గాని శాస్త్రము కాదను పండితులు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. కాని రంగు ఏల పుట్టినదను ప్రశ్న చూచిన వానికే కలుగును గాని చూడని వానికి కలుగదు. ఆ రాళ్లను చూపిన రామనే వాని రంగులకు కారణములను వెదకి వ్యాసములు వ్రాసెను.

తుదికాలమున ఏటేట అక్టోబరు 2వ తేదీన గాంధీ మహాత్ముని స్మృత్యర్థము ఆయన బహిరంగసభలో శాస్త్రోపన్యాసము చేయుచుండెను. 1970లో చెవి శబ్దమును గ్రహించు విధమును గూర్చి మాటలాడెను. అదియే కడపటిది. ఆ యేడే నవంబరు 21వ తేదీన ఎనుబదిరెండవ యేట కన్నుమూసెను. ఆయన కోరికమేరకు కర్మకాండ లేమియు లేక పరిశోధనాలయపు తోటలోనే దహనము జరిగెను. ఆ చోట సమాధి కట్టలేదు. ఒక చెట్టు నాటిరి.