నదిని నిలిపిన నేర్పరి: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

బీరంగూడకు ఆనుకొని రామచంద్రాపురం, పటాన్‌చెరు కర్మాగారాలు బారులు తీరి ఉన్నవి. విద్యుత్తు ఒక్క గడియ ఆగిపోతే ఆ యంత్రాలన్నీ మూగపోతవి. నేడు మన దేశంలో ఆ విద్యుత్తులో కొంత సూర్యరశ్మినుంచి, కొంత గాలినుంచి లభిస్తున్నది. కాని సూర్యుడు సాయంకాలానికి అస్తమిస్తాడు. గాలి తనకు తోచినప్పుడు వీస్తుంది. ప్రకృతి ఒకవేళ ప్రసాదించిన శక్తిని మరొకవేళకు దాచుట ఎట్లు? ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేండ్లకు పూర్వమే నదీజలం విషయమై దీనికి సమాధానం వెదకిన మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆయన పూర్వులు మోక్షగుండం గ్రామంనుంచి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురం చెంతనున్న ముద్దెనహళ్లిలో ఆయన జన్మించినారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కలిమి లేని ఇల్లు. బాల్యంలోనే పితృవియోగం కలిగింది. పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులైనారు. మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనంతో పూనాలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమస్థానం పొంది, మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరినారు.

పూనాకు నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయంలో ఆయనకొక చిక్కు కనిపించింది. వానకాలంలో నిండగా మిగిలిన నీరు కలుజుమీదుగా పొర్లి వృథాగా పోతున్నది. కలుజును ఎత్తు చేస్తే వరదవేళ ఆనకట్టకే ముప్పు. అందుచేత నీరు నిర్ణీతమట్టం చేరేవరకు మూసియుండి, ఆ మట్టం దాటగానే మనుష్యప్రమేయం లేకుండ వాటంతట అవే తెరచుకొనే తలుపులను ఆయన కల్పించినారు. 1903లో వాటిని అక్కడ అమర్చినారు. పాత ఆనకట్టయే మునుపటికంటె ఎక్కువ నీటిని దాచగలిగింది.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసింది. వేలాది జనం అసువులు బాసినారు. కొలువునుంచి విరమించి విదేశాలలో పర్యటిస్తున్న విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వం ఆహ్వానించింది. 1909లో వచ్చి పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించవలెనని వారు సూచించినారు. ఆ సూచన ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగరు, 1927 నాటి హిమాయత్‌సాగరు. ప్రాణాలు తీసిన వరదయే నగరానికి తాగునీరైంది.

ఆ ఏడే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరైనారు. అక్కడ శివసముద్రంలో కావేరి జలపాతపు బలంతో 1902నుంచి విద్యుత్తు పుట్టించి, 92 మైళ్ల దూరానగల కోలారు బంగారు గనులకు పంపుతున్నారు. వర్షకాలంలో నది ఉప్పొంగేది, వేసవిలో సన్నగిల్లేది. గనుల యంత్రాలకు మాత్రం ఋతుభేదం లేదు. ఎగువన కన్నంబాడి వద్ద ఆనకట్ట కట్టి, వాననీటిని వేసవికి దాచిపెట్టుటయే విశ్వేశ్వరయ్యగారి ఆలోచన. అదే నీరు మండ్యప్రాంతపు మెట్టపొలాలను కూడ తడపగలదు.

అంత ధనం వెచ్చించుటకు ఆర్థికశాఖవారు జంకినారు. 1911లో కృష్ణరాజ ఒడయరు మహారాజు అనుమతించగా పని ఆరంభమైంది. దిగువనున్న తంజావూరు రైతుల నీటికి లోటు వస్తుందని మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపి, మొదట తక్కువ ఎత్తుకే సమ్మతించింది. అయినను విశ్వేశ్వరయ్యగారు పూర్తి ఎత్తుకు తగిన వెడల్పున పునాదులు వేయించినారు. పై ఎత్తుకు అనుమతి రాకుంటే ఆ అదనపు వ్యయమంతా వ్యర్థమయ్యేదే; నింద ఆయన మీదనే పడేది. 1924 ఒడంబడికతో గాని ఆ వివాదం అప్పటికి సద్దుమణగలేదు. 1930 తరువాతి తొలి సంవత్సరాలలో కృష్ణరాజసాగరం పూర్తి అయింది. అయితే ఆ నీటిక్రింద కన్నంబాడి వంటి ఊళ్లు మునిగినవి. వాటి జనులు తాతలనాటి ఇండ్లు వదలిపోయినారు. వెలుగుకు చెల్లిన ఆ మూల్యమును కూడ చరిత్ర మరువరాదు.

1912నుంచి 1918వరకు మైసూరు దివానుగా ఉన్న ఆయన 1955లో భారతరత్న పొంది, నూరేండ్లు నిండిన తరువాత 1962 ఏప్రిలులో పరమపదించినారు.

శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 గల విద్యుత్కేంద్రం నిర్మించినారు. అవసరమైనప్పుడు పైనీటిని క్రిందికి విడిచి విద్యుత్తు తీయుటకు, విద్యుత్తు మిగిలిన వేళ దిగువనీటిని మరల పైకి తోడి దాచుటకు అనువుగా ఆ యంత్రాలను అమర్చినారు. ఎండనుంచి, గాలినుంచి వచ్చే శక్తిని నిలువచేయుటకు అటువంటి జలాశయాలు, విద్యుద్ఘటాలు నేడు దేశంలో అనేకచోట్ల వెలయుచున్నవి. సాధనాలు మారినవి. కలిగిననాడు దాచి, లేనినాటికి అందించవలెనన్న విశ్వేశ్వరయ్యగారి లెక్క మాత్రం మారలేదు.