పట్టా పుచ్చుకున్న తరువాత : డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

ప్రతి సంవత్సరం వేసవి ప్రారంభంలో మన కళాశాల నుండి విద్యార్థులు కొందరు పట్టభద్రులై బయటికి వెళ్ళుతుంటారు. వీడ్కోలు సభ ముగిసి, పూలమాలలు వాడకముందే వారి ముందు ఒక ప్రశ్న వచ్చి నిలుస్తుంది. ఇక ఏమి చేయాలి? ఇంటివారు ఉద్యోగం అంటారు, బంధువులు పెళ్ళి అంటారు. పొరుగువారు గల్ఫ్ దేశానికి పోయిన మరొకరి కుమారుని ఉదాహరణగా చూపుతారు. పోటీ పరీక్షల పుస్తకాలు కొనేవారు కొందరు, తండ్రి దుకాణంలో కూర్చునేవారు కొందరు. మూడేళ్ళు చదివిన చదువుకూ, ఇక ముందు గడపబోయే నలభై యేళ్ళ జీవితానికీ సంబంధమేమిటో ఆలోచించుకొనే తీరిక మాత్రం చాలామందికి దొరకదు.

ఈ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానమిచ్చిన ఒక మహనీయుని చరిత్రను మన విద్యార్థుల ముందుంచడం ఉచితమని మేము తలుస్తున్నాము. ఆయన డాక్టర్ జాకిర్ హుస్సేన్. భారత రాష్ట్రపతిగా ఆయన పేరు ఎరుగనివారు లేరు. కాని రాష్ట్రపతి పదవి ఆయన జీవితంలో చివరి రెండేళ్ళు మాత్రమే. ఇరవై మూడవ యేట మొదలుపెట్టి ఏబది ఒకటవ యేటి వరకు ఆయన ఏమి చేశారన్నది తెలిసినవారు తక్కువ. మాకు ముఖ్యమనిపించేది ఆ భాగమే.

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదు నగరంలోనే జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాదు జిల్లా కాయంగంజ్ నుండి వచ్చి ఇక్కడ న్యాయవాద వృత్తిలో పేరు గడించినవారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకిర్ మూడవవారు. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబం కాయంగంజ్‌కు తరలిపోయింది. పిల్లవాడు ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేరాడు. 1911లో ప్లేగు వ్యాధి తల్లినీ తీసుకుపోయింది. పదునాలుగేళ్ళ వయసుకే ఆయన తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయారు.

ఆయన మొదట కోరుకున్నది వైద్య విద్య. అందుకై లక్నో క్రిస్టియన్ కళాశాలలో చేరారు. కాని అనారోగ్యం అడ్డుపడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఒక సంవత్సరం గడిచిన పిదప ఆయన అలీగఢ్‌లోని మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరి, విజ్ఞాన శాస్త్రాన్ని విడిచి, తత్త్వశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం, అర్థశాస్త్రం చదివి 1918లో పట్టభద్రులయ్యారు. ఒక యేడు వృథా అయితే, కోరిన కోర్సులో సీటు రాకపోతే జీవితమే ముగిసిపోయినట్లు కుమిలిపోయే విద్యార్థులను మేము తరచుగా చూస్తుంటాము. అటువంటివారు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి. చదువుకొనే రోజులలోనే, 1915లో, షాజహాన్ బేగంతో ఆయన వివాహం జరిగింది. కళాశాల విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షునిగా ఎన్నికై మంచి వక్తగా, చమత్కారిగా పేరు తెచ్చుకున్నారు. ఎం.ఏ., న్యాయశాస్త్రం చదువుతూనే క్రింది తరగతులకు పాఠాలు కూడా చెప్పసాగారు. ప్రభుత్వోద్యోగమో, న్యాయవాద వృత్తియో ఆయన కోసం సిద్ధంగా ఉన్నట్లే అందరూ భావించారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. సహాయ నిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాలు దేశాన్ని ఊపివేస్తున్న కాలమది. ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాలయాలను విడిచిరావలసినదిగా వారు విద్యార్థులను కోరారు. ఆ పిలుపును అందుకున్న యువకులలో జాకిర్ హుస్సేన్ ముందు వరుసలో నిలిచారు. అయితే విడిచిరావడంతో సరిపెట్టుకోక, విడిచివచ్చిన విద్యార్థులకు వేరొక విద్యాలయం కావాలని పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. ఆ విధంగా 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా స్థాపించబడింది. దానికి భవనాలు లేవు, నిధులు లేవు. గుడారాలలో తరగతులు జరిగాయి. ఆవేశం చల్లారిన తరువాత అనేకులు తమ పాత మార్గాలకు మరలిపోయారు. ఇరవై మూడేళ్ళ జాకిర్ మాత్రం మరలలేదు.

తాను చేపట్టిన పనికి తన విద్య చాలదని ఆయన త్వరలోనే గ్రహించారు. 1922లో జర్మనీ వెళ్ళి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ వద్ద పరిశోధన చేశారు. బ్రిటిష్ పాలనలో భారతదేశపు వ్యవసాయ విధానం ఆయన పరిశోధనాంశం. అర్థశాస్త్రంతో పాటు ఆ దేశపు పాఠశాలలను శ్రద్ధతో పరిశీలించారు. చేతిపని ద్వారా బుద్ధి వికసిస్తుందని బోధించిన కెర్షెన్‌స్టైనర్ భావాలు ఆయన మనసులో నాటుకున్నాయి. చిన్నప్పటి నుండి ప్రాణప్రదమైన ఉర్దూ కవిత్వాన్నీ ఆయన అక్కడ మరువలేదు. గాలిబ్ దీవాన్‌ను బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో అందమైన చిన్న పుస్తకంగా అచ్చువేయించారు. అక్షరాలు పేర్చే పనిలో తానే స్వయంగా పాల్గొన్నారని చెప్పుకుంటారు. ఆ నగరంలోనే ఆయనకు ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ అనే ఇద్దరు మిత్రుల స్నేహం గట్టిపడింది. తరువాతి చరిత్రనంతటినీ నడిపించినది ఆ స్నేహమే.

ఇంతలో స్వదేశంలో పరిస్థితి మారిపోయింది. 1922లోనే సహాయ నిరాకరణ ఆగిపోయింది. 1924లో తుర్కీ దేశమే ఖిలాఫత్‌ను రద్దుచేసింది. ఏ ఉద్యమపు నిధులతో జామియా నడుస్తున్నదో ఆ ఉద్యమమే లేకుండా పోయింది. విద్యాలయాన్ని మూసివేయడమే మేలని కొందరు పెద్దలు భావించారు. ఈ వార్త విన్న జాకిర్ హుస్సేన్, తానూ తన మిత్రులూ జామియాకు జీవితాలను అంకితం చేయడానికి సిద్ధంగా ఉన్నామనీ, తాము వచ్చేవరకు దానిని మూయవద్దనీ ఐరోపా నుండి తెలియజేశారు. హకీం అజ్మల్ ఖాన్ చొరవతో, గాంధీజీ ప్రోత్సాహంతో 1925లో జామియా అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలింది. 1926 ఫిబ్రవరిలో ముగ్గురు మిత్రులూ ఓడ దిగి తమ మాట నిలబెట్టుకున్నారు. బెర్లిన్ డాక్టరేటు పొందివచ్చిన జాకిర్ హుస్సేన్ తన ఇరవై తొమ్మిదవ యేట ఆ బీద విద్యాలయానికి షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి అయ్యారు.

పదవి పేరు గొప్పది, బ్రతుకు కష్టమైనది. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ మరణించడంతో జామియాకు ఉన్న ఒక్క ఆధారమూ కూలిపోయింది. అప్పులు మిగిలాయి. అప్పుడు అధ్యాపకులే ఒక సంఘంగా ఏర్పడి 1928లో ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై సంవత్సరాల పాటు జామియాకే సేవ చేయాలి, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోరాదు. ఆ 150 అన్నది పరిమితి మాత్రమే. వాస్తవంగా చేతికి వచ్చినది అందులో కొంత భాగమే, అదీ నెలలు గడిచిన తరువాత వచ్చేది. ఉపకులపతి ఇంటిలోనూ ఇదే స్థితి. ఆ ఇంటిని ఫిర్యాదు లేకుండా నడిపిన షాజహాన్ బేగం పేరును ఈ చరిత్రలో చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదని మేము భావిస్తాము. ప్రతిజ్ఞాపత్రంపై ఆమె సంతకం లేదు. అయినా ఆ ప్రతిజ్ఞ బరువులో సగం ఆమె మోశారు.

డబ్బులేని ఆ విద్యాలయం పని చేయడంలో మాత్రం బీదది కాదు. సామాన్య ప్రజల నుండి చిన్న చిన్న మొత్తాలు చందాగా స్వీకరించే జామియా హమ్‌దర్దుల సంఘం ఏర్పడింది. ప్రాథమిక పాఠశాలలో పిల్లలే దుకాణం నడిపేవారు, పిల్లలే బ్యాంకు నడిపేవారు. వయోజనులకు రాత్రి తరగతులు జరిగేవి. ఉపకులపతిగా ఉండి కూడా జాకిర్ హుస్సేన్ చిన్నపిల్లల మధ్యనే ఎక్కువగా కనిపించేవారు. మేకపిల్ల స్వాతంత్ర్య ప్రీతిని చెప్పే ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ అనే కథ ఆయన వ్రాసినదే. ప్లేటో మహాశయుని ‘రిపబ్లిక్’ గ్రంథాన్ని ఉర్దూలోకి అనువదించిన చేయి కూడా అదే. మాసిన బూట్లతో వస్తున్న విద్యార్థులకు ఎంత చెప్పినా ప్రయోజనం లేకపోవడంతో, ఒకనాడు ఆయనే గుమ్మం దగ్గర బ్రష్షు పట్టుకొని కూర్చున్నారని ఒక కథ నేటికీ చెప్పుకుంటారు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ కూడా జామియాకు వచ్చి, 1943లో మరణించే వరకు చిన్నపిల్లల సేవలో గడిపి, అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు మొదటి రాయి పెట్టినది ఏ నవాబూ కాదు, ఏ నాయకుడూ కాదు. జామియాలోని అందరికంటె చిన్న విద్యార్థి.

ఈ సేవకు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. ఒకనాడు ప్రాథమిక పాఠశాలలో ఫలితాలు ప్రకటించి పిల్లలకు మిఠాయి పంచుతుండగా, ఆయన మూడేళ్ళ కుమార్తె రెహానా పరిస్థితి విషమించిందని ఎవరో వచ్చి చెవిలో చెప్పారట. ఆయన పంచుతూనే ఉన్నారు. కొంతసేపటికి ఆ పసిపాప మరణించినదని కబురు వచ్చింది. ముఖం పాలిపోయింది గాని, చేయి ఆగలేదు. పిల్లల సంతోషాన్ని చెడగొట్టడానికి మనసొప్పక అలా చేశానని తరువాత చెప్పారని అంటారు. కొద్ది రోజుల వరకు ప్రతి ఉదయం ఆయన తలగడ తడిసి ఉండేదని భార్య ద్వారా తెలిసిందట. ఆయన ఆ క్షణంలో ఇంటికి పరుగెత్తి ఉండవలసినదా? ఈ ప్రశ్నకు తీర్పు చెప్పడానికి మాకు అధికారం లేదు. ఆదర్శాల కోసం జీవించినవారి ఇండ్లలో కూడా కన్నీరు ఉంటుందని, అందులో ఎక్కువ పాలు ఇంటివారిదేనని మాత్రం మన విద్యార్థులు తెలుసుకోవాలి.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం ఏర్పాటుచేసి, బేసిక్ విద్యా ప్రణాళికను రూపొందించే సంఘానికి జాకిర్ హుస్సేన్‌ను అధ్యక్షునిగా నియమించారు. ఆ ప్రణాళిక దేశమంతటా పేరు పొందింది, తీవ్రమైన విమర్శలకు కూడా గురియైనది. దానిని అమలుపరచిన తీరు పట్ల ఆయనకే తృప్తి కలుగలేదు. 1946 నవంబరులో జరిగిన జామియా రజతోత్సవంలో నెహ్రూ, జిన్నా ఒకే వేదికపై కూర్చున్నారు. రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పమని ఆయన వారిని వేడుకున్నారు. అగ్ని ఆరలేదు. 1947 ఆగస్టులో కాశ్మీరుకు పోతూ జలంధర్ రైల్వేస్టేషనులో ఆయనే హంతకుల చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయన ప్రాణాలు కాపాడారు. ఢిల్లీ అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తక ప్రచురణాలయం దగ్ధమైపోయింది. ఆయన ఢిల్లీకి తిరిగివచ్చి శరణార్థులకు చేయూతనిచ్చే పనిలో మునిగిపోయారు.

1948లో ఇరవై రెండేళ్ళ సేవ ముగించి ఆయన జామియా బాధ్యతను మిత్రుడు ముజీబ్‌కు అప్పగించారు. తరువాతి పదవులు అందరికీ తెలిసినవే. 1956 వరకు అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపకులపతి, 1957 నుండి బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఎక్కడ నివసించినా గులాబీ తోటలు పెంచారు, రాళ్ళూ శిలాజాలూ సేకరించారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయనను ఖననం చేసినది జామియా ఆవరణలోనే. మూసివేయదలచిన ఆ విద్యాలయం 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయినది.

1948లో ఆయన జీవితం ముగిసి ఉంటే, ఏ పెద్ద పదవీ రాకుండా ఉంటే, ఆ జీవితం వ్యర్థమయ్యేదా? కాదని మా దృఢ విశ్వాసం. చేయదగిన పని ఒకటి, దానికి కట్టుబడి గడిపిన ఇరవై రెండేళ్ళు, సుఖదుఃఖాలలో వెంట నిలిచిన స్నేహితులు, ఓర్పు గల ఇల్లు అప్పటికే ఆయనకు ఉన్నాయి. జీవితాన్ని నింపినవి అవే. పదవులు తరువాత వచ్చి చేరాయి.

ఆయన త్యాగాన్ని అందరూ అనుకరించాలని మేము చెప్పడం లేదు. చెల్లెలి పెళ్ళి కోసం దూరదేశంలో చెమటోడ్చే యువకుడు, ట్యూషన్లు చెప్పి తమ్ముళ్ళను చదివించే యువతి కూడా ఒక ప్రతిజ్ఞకు కట్టుబడినవారే. వారి జీతం తగ్గించుకొమ్మని చెప్పడం అన్యాయం. కాని జీతంతో కొలవలేని పని ఒక్కటైనా ప్రతి పట్టభద్రుని చేతిలో ఉండాలి. బస్తీలోని పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పడం కావచ్చు, మూతబడిన గ్రంథాలయాన్ని తెరిపించడం కావచ్చు, చదువురాని తల్లులకు సంతకం నేర్పడం కావచ్చు. దానిని ఒంటరిగా కాక ఇద్దరు మిత్రులతో కలిసి మొదలుపెట్టాలి, ఉత్సాహం చల్లారిన నాడు విడువకూడదు. అలీగఢ్ గుడారాల నుండి చాలామంది వెళ్ళిపోయిన తరువాతనే అసలు పని ఆరంభమైనది.

ఈ సంవత్సరం మన కళాశాలను విడిచి వెళ్ళుతున్న విద్యార్థినీ విద్యార్థులకు అటువంటి పని ఒకటి, అటువంటి స్నేహితులు ఇద్దరు లభించాలని మేము మనసారా కోరుకుంటున్నాము.